టీచర్ పోస్టే రాలేదు.. చివరికి పరమాణువు గుట్టు విప్పారు! మీ ఫిజిక్స్ పాఠాల్లో దాగున్న రూథర్‌ఫర్డ్ కథ

పరీక్షలు దగ్గరపడ్డాయంటే పదో తరగతి పిల్లలున్న ఇంట్లో సీన్ అందరికీ తెలిసిందే. ఒక చేతిలో ఫోన్, అందులో రివిజన్ వీడియో. ఇంకో చేతిలో నోట్సు. చలనం ఒక చాప్టర్, విద్యుత్ ఇంకో చాప్టర్, అయస్కాంతత్వం వేరే, పరమాణువు వేరే, రేడియోధార్మికత మరీ వేరే. ఒకటి గుర్తుపెట్టుకునేలోపు ఇంకోటి జారిపోతుంది. సూత్రాలన్నీ విడివిడిగా బట్టీ పడితే ఎవరికైనా అంతే.

అయితే ఈ చాప్టర్లన్నీ ఒకే మనిషి జీవితంలో ఒకదాని వెంట ఒకటి వరుసగా వచ్చాయంటే నమ్ముతారా? ఆయన పేరు ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్. టెక్స్ట్‌బుక్‌లో బంగారు రేకు బొమ్మ పక్కన రెండు లైన్లలో కనిపించే పెద్దమనిషే. ఆ రెండు లైన్ల వెనకున్న కథ ఒకసారి చదివితే సగం రివిజన్ అయిపోయినట్టే!

రూథర్‌ఫర్డ్ 1871 ఆగస్టు 30న న్యూజిలాండ్‌లో, నెల్సన్ పట్టణానికి దగ్గర్లోని ఒక పల్లెలో పుట్టారు. పన్నెండు మంది పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి బండి చక్రాలు చేసే పని నేర్చినవారు, తర్వాత నార తీసే మిల్లు నడిపారు. తల్లి పెళ్లికి ముందు స్కూల్ టీచర్. ఇంట్లో డబ్బుకు ఇబ్బందే కానీ చదువు విషయంలో మాత్రం ఆవిడ రాజీపడలేదు. పదేళ్ల వయసులో ఆయన చేతికి మొదటి సైన్స్ పుస్తకం వచ్చింది. 1886లో ఇద్దరు తమ్ముళ్లు సముద్రంలో మునిగి చనిపోయారు. ఆ దెబ్బ నుంచి ఇల్లు కోలుకోవడానికి చాలా కాలం పట్టింది.

ఇప్పుడు పరీక్షల టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఇది వినాలి. హైస్కూల్ చదువుకు స్కాలర్‌షిప్ పరీక్ష ఆయనకు మొదటిసారి రాలేదు, రెండోసారి వచ్చింది. కాలేజీ స్కాలర్‌షిప్ కూడా అంతే, రెండో ప్రయత్నంలోనే! క్రైస్ట్‌చర్చ్‌లోని కాంటర్‌బరీ కాలేజీలో డిగ్రీలు పూర్తిచేశాక స్కూల్ టీచర్‌గా పర్మనెంట్ ఉద్యోగం కోసం మూడుసార్లు ప్రయత్నించారు. మూడుసార్లూ రాలేదు. ఇంగ్లండ్ వెళ్లి పరిశోధన చేయడానికి ఇచ్చే ఫెలోషిప్ కూడా మొదట ఇంకొకరికే ఇచ్చారు. ఆ వ్యక్తి సొంత కారణాలతో వద్దనుకోవడంతో రెండో పేరుగా ఉన్న రూథర్‌ఫర్డ్‌కు దక్కింది. ఆ కబురు వచ్చినప్పుడు ఆయన పొలంలో బంగాళాదుంపలు తవ్వుతున్నారని, పార అక్కడే పడేసి ఇంట్లోకి పరుగెత్తారని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. నిజమో కాదో గానీ కథ మాత్రం బాగుంటుంది.

మొదలైంది కరెంటు చాప్టర్‌తోనే

కేంబ్రిడ్జ్‌కు వెళ్లకముందు ఆయన పనంతా విద్యుత్, అయస్కాంతత్వం మీదే. కాలేజీ నేలమాళిగలో ఒక చీకటి గది ఇచ్చారు. అక్కడ కూర్చుని, చాలా వేగంగా దిశ మార్చుకునే కరెంటు ఇనుప సూదిని ఎలా అయస్కాంతీకరిస్తుందో చూశారు. తీగలో కరెంటు ప్రవహిస్తే చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుందని మనం చదువుకుంటాం కదా.. దాన్ని పట్టుకునే రేడియో తరంగాలను గుర్తించే పరికరం తయారుచేశారు. 1895లో కేంబ్రిడ్జ్ చేరాక అదే పరికరంతో దాదాపు అర మైలు దూరం నుంచి సిగ్నల్ అందుకున్నారు. మార్కోనీ పేరు ప్రపంచానికి ఇంకా తెలియని రోజులవి. అదే దారిలో పోయి ఉంటే రూథర్‌ఫర్డ్ పేరు ఇవాళ వైర్‌లెస్ చాప్టర్లో ఉండేదేమో!

కానీ ఆ ఏడాది చివర్లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రేలు కనిపెట్టారు. ప్రపంచం మొత్తం అటు తిరిగింది. కేంబ్రిడ్జ్‌లోని కావెండిష్ ల్యాబ్‌కు అప్పుడు పెద్ద జె.జె. థామ్సన్. త్వరలో ఎలక్ట్రాన్‌ను కనిపెట్టబోయేది ఆయనే. ఎక్స్‌రేలు గాలిలో నుంచి వెళ్తే ఏం జరుగుతుందో చూద్దాం రమ్మని రూథర్‌ఫర్డ్‌ను పిలిచారు.

ఇక్కడో పాయింట్ గమనించండి. మామూలుగా గాలి కరెంటును పోనివ్వదు. కానీ ఎక్స్‌రే తగిలితే గాలిలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయి అయాన్లు తయారవుతాయి. రెండు లోహపు పలకల మధ్య వోల్టేజ్ పెడితే ఆ అయాన్లు కదులుతాయి. అంటే కరెంటు పారుతుంది. కరెంటు ఎక్కువ పారిందంటే కిరణాల బలం ఎక్కువని అర్థం. కంటికి కనపడని కిరణాన్ని మీటర్ మీద కొలిచే పద్ధతి అలా దొరికింది. 1896లో ఫ్రాన్స్‌లో హెన్రీ బెకరల్ యురేనియం నుంచి కిరణాలు వస్తున్నాయని చెప్పారు. రూథర్‌ఫర్డ్ అదే రెండు పలకల సెటప్‌ను తీసుకెళ్లి యురేనియం మీద పెట్టారు. విద్యుత్ చాప్టర్ అయిపోలేదు, రేడియోధార్మికత చాప్టర్‌కు పనిముట్టుగా మారిందన్నమాట.

పలక మీద పలుచని అల్యూమినియం రేకులు ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోయారు. మొదటి కొన్ని రేకులకే కరెంటు బాగా పడిపోయింది. ఆ తర్వాత ఎన్ని పెట్టినా నెమ్మదిగానే తగ్గింది. అంటే వచ్చే కిరణాలు ఒక రకం కాదు, రెండు రకాలు! తేలిగ్గా ఆగిపోయేదానికి ఆల్ఫా అని, ఇంకాస్త లోపలికి దూసుకెళ్లేదానికి బీటా అని గ్రీకు అక్షరాల పేర్లు పెట్టారు. తర్వాత ఫ్రాన్స్‌లో విలార్డ్ కనిపెట్టిన మూడో రకానికి గామా అనే పేరు పెట్టింది కూడా రూథర్‌ఫర్డే. ఆల్ఫా కాగితంతో ఆగిపోతుంది, బీటాకు కొన్ని మిల్లీమీటర్ల అల్యూమినియం కావాలి, గామాను అడ్డుకోవాలంటే మందపాటి సీసం ఉండాలి.. ఏటా పరీక్షల కోసం బట్టీ పట్టే ఈ లైనుకు మూలం ఆ రేకుల ప్రయోగమే.

తలుపు తీస్తే తగ్గిపోయే రేడియేషన్!

1898లో, 27 ఏళ్లకే, కెనడాలోని మాంట్రియల్‌లో మెక్‌గిల్ యూనివర్సిటీ ఆయన్ను ప్రొఫెసర్‌గా తీసుకుంది. అక్కడ ఓవెన్స్ అనే ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ థోరియం మీద కొలతలు తీస్తుంటే ఒక వింత బయటపడింది. గదిలో గాలి ఆడితే రీడింగ్ మారిపోతోంది! తలుపు తీస్తే ఒక లెక్క, మూస్తే ఒక లెక్క. మీటర్ పాడైందేమో అని ఎవరైనా అనుకుంటారు. రూథర్‌ఫర్డ్ అలా అనుకోలేదు. గాలికి కొట్టుకుపోతోందంటే అది కిరణం కాదు, థోరియం నుంచి బయటికొచ్చే ఏదో వాయువు అయ్యుండాలి అనుకున్నారు. అది నిజంగానే రేడియోధార్మిక వాయువు. ఇవాళ మనం రేడాన్ అంటున్నది దాన్నే.

ఆ వాయువును సీసాలో పట్టి కరెంటు కొలిస్తే ఇంకో వింత. దాదాపు ఒక నిమిషానికి రీడింగ్ సగమైంది. ఇంకో నిమిషానికి ఆ సగంలో సగం. మళ్లీ నిమిషానికి అందులో సగం. ఇదే మనం చదివే అర్ధజీవితకాలం. చాలామంది పిల్లలు ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. ఒక అర్ధజీవితకాలానికి సగం పోతే రెండింటికి మొత్తం పోతుందని రాసేస్తారు. పోదు! 100 ఉంటే 50, తర్వాత 25, తర్వాత 12.5.. ఇలా తగ్గుతూ పోతుంది. వేడిచేసినా, చల్లబరిచినా ఈ లెక్క మారదు. యురేనియంకు ఇదే లెక్క వందల కోట్ల ఏళ్లలో ఉంటుంది.

ఫ్రెడరిక్ సాడీ అనే కుర్ర కెమిస్ట్‌తో కలిసి ఆయన తేల్చిన అసలు విషయం ఇంకా పెద్దది. థోరియం ఉన్నట్టుండి వేరే మూలకంగా మారిపోతోంది. పరమాణువు మారదు, పగలదు అని అప్పటిదాకా కెమిస్ట్రీ నమ్మింది. ఇనుమును బంగారం చేస్తామనే రసవాదులను చూసి నవ్విన కాలం అది. అలాంటి రోజుల్లో మూలకాలు మారతాయని చెప్పడమంటే పరువు పణంగా పెట్టడమే. ఇద్దరూ లెక్కలతో సహా నిరూపించారు. 1908లో రూథర్‌ఫర్డ్‌కు నోబెల్ వచ్చింది. ఫిజిక్స్‌లో కాదు, కెమిస్ట్రీలో! ఫిజిక్సే సర్వస్వం అనుకునే మనిషికి కెమిస్ట్రీ ప్రైజ్ రావడం మీద అప్పట్లో చాలా జోకులు పేలాయి.

మధ్యలో ఒక సరదా సంగతి. భూమి వయసు కొన్ని కోట్ల ఏళ్లు మాత్రమేనని లార్డ్ కెల్విన్ లెక్కగట్టారు. వేడి గోళం చల్లారడానికి పట్టే కాలాన్ని బట్టి వేసిన లెక్క అది. 1904లో లండన్‌లో రూథర్‌ఫర్డ్ ప్రసంగించాలి. విషయం ఏంటంటే, రాళ్లలోని రేడియోధార్మికత వల్ల భూమి లోపల కొత్తగా వేడి పుడుతూనే ఉంటుంది కాబట్టి కెల్విన్ లెక్క చెల్లదు. తీరా చూస్తే పెద్దాయన హాల్లోనే కూర్చున్నారు! అదృష్టం కొద్దీ నిద్రపోయారు. అసలు పాయింట్ దగ్గరికి రాగానే కళ్లు తెరిచారు. రూథర్‌ఫర్డ్ టక్కున, వేడికి కొత్త మూలం ఏదీ దొరకనంత వరకే తన లెక్క నిలుస్తుందని కెల్విన్ గారు ముందే చెప్పారు, ఇవాళ ఆ కొత్త మూలమే దొరికింది అని పొగడ్తగా మార్చేశారు. పెద్దాయన ముఖం వెలిగిపోయింది. ఈ కథ రూథర్‌ఫర్డే తర్వాత అందరికీ చెప్పుకునేవారు.

బంగారు రేకు: అన్ని చాప్టర్లూ కలిసిన చోటు

1907లో ఆయన ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌కు మారారు. పరీక్షల్లో అడిగే అసలు ప్రయోగం అక్కడే జరిగింది. అప్పటికి పరమాణువు ఎలా ఉంటుందంటే థామ్సన్ చెప్పిన పుచ్చకాయ నమూనానే. ధనావేశం గుజ్జులా అంతటా పరుచుకుని ఉంటుంది, మధ్యమధ్యలో గింజల్లా ఎలక్ట్రాన్లు.

1909లో హాన్స్ గైగర్ అనే జర్మన్ అసిస్టెంట్, ఎర్నెస్ట్ మార్స్‌డెన్ అనే ఇరవై ఏళ్ల స్టూడెంట్ పని మొదలుపెట్టారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేని పలుచని బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలను వదిలారు. బంగారమే ఎందుకు? అంత పలుచగా సాగేది అదే కాబట్టి. కణం తగిలిన చోట జింక్ సల్ఫైడ్ తెర మీద చిన్న మెరుపు వస్తుంది. దాన్ని మైక్రోస్కోప్‌లో చూసి లెక్కపెట్టాలి. ముందు చాలాసేపు చీకట్లో కూర్చుని కళ్లను అలవాటు చేసుకోవాలి. ఆ తర్వాత ఒకటి, రెండు, మూడు అంటూ గంటల తరబడి లెక్కింపే! కంప్యూటర్ లేదు, కెమెరా లేదు.

కణాల్లో చాలావరకు నేరుగా వెళ్లిపోయాయి. కొన్ని కాస్త వంగాయి. కానీ వేలల్లో ఒకటి చొప్పున వెనక్కి తిరిగొచ్చాయి. రూథర్‌ఫర్డ్‌కు నోట మాట రాలేదు.

ఎందుకంత ఆశ్చర్యం అంటారా? క్యారమ్ బోర్డు గుర్తుచేసుకోండి. స్ట్రైకర్ ఒక కాయిన్‌ను కొడితే కాయిన్ ఎగిరిపోతుంది, స్ట్రైకర్ ముందుకే పోతుంది. అదే స్ట్రైకర్ బోర్డు అంచుకు తగిలితే వెనక్కి వస్తుంది. బరువైనది తేలికైనదాన్ని గుద్దితే వెనక్కి రాదు. ద్రవ్యవేగ నియమం చెప్పేది ఇదే. ఆల్ఫా కణం ఎలక్ట్రాన్ కంటే ఏడు వేల రెట్లకు పైగా బరువు. సెకనుకు పదిహేను, ఇరవై వేల కిలోమీటర్ల వేగంతో వస్తోంది. దాన్ని వెనక్కి పంపే శక్తి ఎలక్ట్రాన్‌కు లేదు. పలుచగా పరుచుకున్న గుజ్జుకూ లేదు. అంటే బంగారు పరమాణువులో ఎక్కడో దానికంటే చాలా బరువైనది, గట్టి ధనావేశం ఉన్నది, అతి చిన్న చోట ఇమిడి ఉండాలి.

రూథర్‌ఫర్డ్ వేసిన లెక్క ఇంటర్ పిల్లలు కూడా వేయగలిగేదే. ఆల్ఫా కణం ధనావేశం, కేంద్రకం ధనావేశం. రెండూ వికర్షించుకుంటాయి. కణం దగ్గరికి వచ్చేకొద్దీ దాని గతిశక్తి తగ్గుతుంది, విద్యుత్ స్థితిశక్తి పెరుగుతుంది. కొండెక్కుతున్న బంతి లాగే. గతిశక్తి మొత్తం స్థితిశక్తిగా మారిన చోట కణం ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరుగుతుంది. అర ఎమ్‌వీ స్క్వేర్ ఒక పక్క, కూలుంబ్ నియమం ఒక పక్క పెట్టి సమానం చేస్తే ఆ దూరం వచ్చేస్తుంది. 10 టు ది పవర్ మైనస్ 14 మీటర్ల స్థాయి! పరమాణువు సైజు 10 టు ది పవర్ మైనస్ 10 మీటర్లు. అంటే పరమాణువును క్రికెట్ స్టేడియం అంత చేస్తే, మధ్యలో పిచ్ మీద పెట్టిన కందిగింజ అంతే కేంద్రకం. బరువు దాదాపు అంతా ఆ గింజలోనే. మిగతాదంతా ఖాళీ.

చూశారా, చలనం చాప్టర్ నుంచి వేగం, గతిశక్తి వచ్చాయి. విద్యుత్ నుంచి ఆవేశాలు, వికర్షణ. రేడియోధార్మికత నుంచి ఆల్ఫా కణం. మూడూ కలిస్తే కేంద్రకం దొరికింది! 1911లో ఆయన ఈ సంగతి ప్రకటించారు. మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు కూడా.

ఆ నమూనాలో ఒక లోపం ఉంది, పరీక్షల్లో తప్పకుండా అడుగుతారు. తిరిగే ఎలక్ట్రాన్‌కు త్వరణం ఉంటుంది, త్వరణం ఉన్న ఆవేశం శక్తిని కోల్పోవాలి, అలా కోల్పోతూ పోతే చివరికి కేంద్రకంలో పడిపోవాలి. మరి ఎందుకు పడట్లేదు? దీనికి జవాబు వెతికింది 1912లో మాంచెస్టర్ వచ్చిన డెన్మార్క్ కుర్రాడు నీల్స్ బోర్. మరుసటి ఏడాదే ఆయన నమూనా వచ్చింది.

తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం. ల్యాబ్ ఖాళీ అయింది. రూథర్‌ఫర్డ్ శిష్యుల్లో బాగా ఆశపెట్టుకున్న హెన్రీ మోస్లే 1915లో గల్లిపోలి యుద్ధరంగంలో 27 ఏళ్లకే చనిపోయారు. గైగర్ అటు జర్మన్ సైన్యంలో. రూథర్‌ఫర్డ్‌కు జలాంతర్గాములను శబ్దంతో పసిగట్టే పని అప్పగించారు. ఖాళీ దొరికినప్పుడల్లా ఒక అసిస్టెంట్‌తో కలిసి ల్యాబ్‌లో కూర్చునేవారు. నైట్రోజన్ వాయువులోకి ఆల్ఫా కణాలను పంపితే, అవి చేరలేనంత దూరంలో మెరుపులు కనిపించాయి. అవి హైడ్రోజన్ కేంద్రకాలు! మనిషి చేత్తో ఒక పరమాణు కేంద్రకాన్ని మార్చడం అదే మొదటిసారి. 1919లో ఆ ఫలితం అచ్చయింది. ఆ హైడ్రోజన్ కేంద్రకానికి ప్రోటాన్ అని పేరు పెట్టారు.

ఈ సమీకరణం బ్యాలెన్స్ చేసి చూడండి. నైట్రోజన్ 7, ఆల్ఫా 2, కలిపితే 9. ఇటు ఆక్సిజన్ 8, ప్రోటాన్ 1, అదీ 9. ద్రవ్యరాశి సంఖ్యలు 14, 4 కలిపితే 18. ఇటు 17, 1 కలిపితే 18. సరిపోయింది. అయితే అది ఆక్సిజనేనని ఖాయం చేయడానికి ప్యాట్రిక్ బ్లాకెట్‌కు ఇంకొన్నేళ్లు పట్టింది. ఇరవై వేలకు పైగా ఫొటోలు తీస్తే ఆ ఘటన దొరికింది ఎనిమిదిసార్లు మాత్రమే!

శిష్యులే అసలు ఆస్తి

1919లో గురువు థామ్సన్ స్థానంలో కావెండిష్ ల్యాబ్‌కు అధిపతి అయ్యారు. పెద్ద గొంతు, పెద్ద నవ్వు. డబ్బు ఖర్చు పెట్టాలంటే మాత్రం చెయ్యి రాదు, ఉన్నదాంతోనే చేయాలంటారు. ఛార్జ్ లేని కణం కూడా కేంద్రకంలో ఉండాలని 1920లోనే చెప్పారు. పన్నెండేళ్ల తర్వాత, 1932లో శిష్యుడు జేమ్స్ ఛాడ్విక్ న్యూట్రాన్‌ను పట్టుకున్నారు. అదే ఏడాది కాక్‌క్రాఫ్ట్, వాల్టన్ లక్షల వోల్టుల పొటెన్షియల్ తేడాతో ప్రోటాన్లను ఉరికించి లిథియంను రెండు హీలియం కేంద్రకాలుగా చీల్చారు. పొటెన్షియల్ తేడాను ఆవేశంతో గుణిస్తే పని వస్తుందనే చిన్న సూత్రం మీద నిలబడ్డ యంత్రం అది! సాడీ, బోర్, ఛాడ్విక్, ఆటో హాన్, బ్లాకెట్, కాక్‌క్రాఫ్ట్, వాల్టన్, కపిట్సా.. ఆయన దగ్గర పనిచేసి నోబెల్ అందుకున్నవాళ్ల లిస్టు పెద్దదే.

మన తెలుగువాళ్లకూ ఈ వంశంతో ఒక చుట్టరికం ఉంది. పశ్చిమ గోదావరి ప్రాంతానికి చెందిన స్వామి జ్ఞానానంద ఇంగ్లండ్ వెళ్లి, లివర్‌పూల్‌లో ఛాడ్విక్ దగ్గర కేంద్రక భౌతికశాస్త్రంలో పనిచేశారు. తర్వాత విశాఖపట్నం ఆంధ్ర యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగానికి పునాది వేసింది ఆయనే.

అంతటి మనిషి కూడా ఒక విషయంలో తప్పులో కాలేశారు. పరమాణువు నుంచి పనికొచ్చేంత శక్తి తీస్తామనడం పగటికల అని 1933లో ఒక సభలో కొట్టిపారేశారు. పేపర్లో అది చదివి ఒళ్లు మండిన లియో జిలార్డ్ అనే హంగేరీ శాస్త్రవేత్త, లండన్ వీధుల్లో నడుస్తూ నడుస్తూ చైన్ రియాక్షన్ ఆలోచన పట్టేశారు. అదే ఏడాది హిట్లర్ ఉద్యోగాల నుంచి గెంటేసిన శాస్త్రవేత్తలను ఆదుకోవడానికి ఏర్పడిన సంస్థకు రూథర్‌ఫర్డే అధ్యక్షుడు. ఈ సంగతి టెక్స్ట్‌బుక్‌లో కనిపించదు గానీ, ఆయన గురించి తెలుసుకోవాల్సిన విషయమే.

ఇంట్లో మాత్రం పెద్ద దెబ్బ తగిలింది. ఒక్కగానొక్క కూతురు ఐలీన్, నాలుగో బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే 1930 డిసెంబర్‌లో చనిపోయింది. వారం రోజుల తర్వాత, కొత్త సంవత్సరం రోజున లార్డ్ బిరుదు ప్రకటించారు. అభినందనలు, పరామర్శలు ఒకేసారి వచ్చిపడ్డాయి. ఆ తర్వాత ఆయన బాగా కుంగిపోయారని దగ్గరివాళ్లు చెప్పేవారు. మనవళ్లు, మనవరాళ్లతోనే కాస్త ఊరట. న్యూజిలాండ్‌లో ఉన్న తల్లికి మాత్రం క్రమం తప్పకుండా ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. ఆవిడ తొంభై దాటాక, 1935లో కన్నుమూశారు.

1937 అక్టోబర్‌లో రూథర్‌ఫర్డ్‌కు హెర్నియా ముదిరి పేగు మెలిపడింది. ఆపరేషన్ చేసినా ఫలితం దక్కలేదు. అక్టోబర్ 19న 66 ఏళ్ల వయసులో చనిపోయారు. చితాభస్మాన్ని లండన్ వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో న్యూటన్ సమాధికి దగ్గర్లో ఉంచారు. ఆవర్తన పట్టికలో 104వ మూలకం రూథర్‌ఫర్డియం, ఆయన పేరే.

నిజానికి ఆ చలికాలంలో ఆయన ఇండియా రావాల్సింది. 1938 జనవరిలో కలకత్తాలో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ రజతోత్సవ సమావేశాలకు అధ్యక్షుడిగా ఆయన పేరే ప్రకటించారు. ప్రసంగం కూడా రాసి పెట్టుకున్నారు. ఆయన స్థానంలో సర్ జేమ్స్ జీన్స్ వచ్చి సభకు అధ్యక్షత వహించారు. రూథర్‌ఫర్డ్ రాసుకున్న ఆ ప్రసంగాన్ని అక్కడ వినిపించారు.